దరఖాస్తుదారుతోనే మాట్లాడాలి

ఐరోపాలోని ఒక దేశపు రాయబార కార్యాలయం వారు మా చెల్లితో ఫోన్లో మాట్లాడాలని నాలుగుసార్లు ప్రయత్నించారు. మా చెల్లికి వినబడదు. పుట్టుకతోనే వినబడదు. ఆ సంగతి ఆమె వీసా దరఖాస్తులో మూడు చోట్ల రాసి ఉంది. ప్రభుత్వ వైద్యులు ఇచ్చిన ధ్రువపత్రం జతచేసి ఉంది. ఆమెను రమ్మన్నవారి ఆహ్వానపత్రంలో మొదటి వాక్యంలోనే అది బధిరుల చదరంగం పోటీ అని ఉంది. అయినా ఫోన్ చేశారు. ఇది జరిగి ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ ఎవరైనా నాతో "వాళ్ల రూల్సు వాళ్లకుంటాయి కదండీ" అంటే ఒంటికి కారం రాసినట్టుంటుంది.

మాది రాయ్‌పూర్‌లో డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. వ్యాగన్లు బాగుచేసే రైల్వే వర్క్‌షాపు, దాన్ని ఆనుకుని అందులో పనిచేసేవాళ్ల క్వార్టర్లు. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి అక్కడ ఫిట్టరుగా చేరాడు. మా వరసలో సగం ఇళ్లు మనవాళ్లవే. ఇంట్లో సిక్కోలు తెలుగు, గడప దాటితే హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ. వీటిలో ఏదీ చెల్లిది కాదు. ఆమెది చేతుల భాష. బధిరుల బడిలో నేర్చుకున్న సైగలు కొన్ని, మా ఇంట్లో మేమే పుట్టించుకున్నవి కొన్ని. అమ్మ పెదవుల కదలిక చూసి తెలుగు, పనిలో చేరాక ఫోర్‌మన్ పెదవులు చూసి హిందీ కొంత పట్టేది. ఇంగ్లీషు, హిందీ చదివి రాసేది. గొంతు ఉంది. కాని తన గొంతు తనకు వినబడదు కాబట్టి అది ఎటు పోతోందో ఆమెకు తెలియదు. చిన్నప్పుడు వీధిలో పిల్లలు ఆ గొంతును వెక్కిరించారని తెలిశాక బయటివాళ్ల ముందు నోరు తెరవడం మానేసింది. ఇంట్లో మాత్రం నన్ను పిలవాలంటే "అప్పా" అనేది, సిక్కోలు మాటలో అక్కా అని. సరిగ్గా అలా కాదు గాని, మాకు అది అప్పా అనే.

చెస్ నాన్న నేర్పాడు. ఆదివారాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌కి ఆమెను సైకిల్ మీద తీసుకెళ్లేవాడు. రిటైరైన డ్రైవర్లు, గార్డులు అక్కడ బల్లల ముందు కూర్చుని పొద్దంతా ఆడేవాళ్లు. "ఈ ఆటకి నోరక్కర్లేదు. బుర్రుంటే సాలు" అనేవాడు నాన్న. పన్నెండేళ్లకే ఆయన్ని ఓడించింది. పదిహేనేళ్లకు ఆ డ్రైవర్లలో ఎవరూ ఆమెతో ఆడటానికి ముందుకొచ్చేవాళ్లు కాదు.

నాన్న సర్వీసులో ఉండగానే పోయాడు. ధర్సీవా వైపు ఒక ఇనుము ఫ్యాక్టరీ ఆఫీసులో నాకు అప్పటికే ఉద్యోగం ఉంది. అందుకని కారుణ్య నియామకం కింద నాన్న స్థానంలో చెల్లి వర్క్‌షాపులో చేరింది. స్టోర్‌లో పని. వచ్చిన బోల్టులు, స్ప్రింగులు, బ్రేకు సామాన్లు సైజు ప్రకారం సర్ది, దేనికి దానికి చీటీ రాసి కట్టాలి. చీటీ తప్పయితే వ్యాగను కింద తప్పు బోల్టు పడుతుంది. ఆమె రాసిన చీటీలో తప్పు దొరకదని స్టోర్ ఇన్‌చార్జి అందరికీ చెప్పేవాడు.

ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లప్పుడు బధిరుల జాతీయ పోటీల్లో నాలుగో స్థానం వచ్చింది. దేశం తరఫున నలుగురు ఆడవాళ్లను పంపుతున్నారు. ఆ నాలుగో మనిషి మా చెల్లి. మిగిలిన ముగ్గురూ వేరే రాష్ట్రాల వాళ్లు. జట్టుతో పాటు సైగలు తెలిసిన మేనేజరు ఒకామె వెళ్తుంది. టికెట్లు బధిరుల చెస్ సంఘం వాళ్లవే. వీసా మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. సంఘం పంపిన ఆ ఉత్తరం చదివి చెల్లి నా భుజం పట్టుకుని ఊపేసింది. అమ్మ ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టి, చెల్లి చూస్తే నవ్వుతుందని మళ్లీ తీసేసింది.

రైల్వే ఉద్యోగి విదేశం వెళ్లాలంటే ముందు ఆఫీసు నుంచి అభ్యంతరం లేదనే కాగితం కావాలి. నేను సెలవు పెట్టి ఆమెతో వెళ్లాను. పెద్ద గుమాస్తా కాగితాలు తిరగేసి, చెల్లి వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగి మొదలుపెట్టాడు.

"ఇన్‌కీ జిమ్మేదారీ కౌన్ లేగా?" ఈమె బాధ్యత ఎవరిది అని.

"ఈమె బాధ్యత ఈమెదే" అన్నాను హిందీలో.

"అలా కాదు బహెన్‌జీ. మాట లేదు, చెవి లేదు. అక్కడ తప్పిపోతే? గార్డియన్ ఎవరైనా రాసివ్వాలి."

"ఇరవై తొమ్మిదేళ్ల మనిషికి గార్డియన్ ఏమిటండీ? మీ దగ్గరే ఉద్యోగం చేస్తోంది. ఆమె చీటీ నమ్మి మీరు వ్యాగన్లు పంపుతున్నారు."

"అది వేరే విషయం" అన్నాడు. వేరే ఎలా అయిందో చెప్పలేదు. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. టీ తెప్పించాడు కూడా. కాగితం మాత్రం గార్డియన్ సంతకం లేకుండా కదలదన్నాడు.

దరఖాస్తు గడువు దగ్గరపడింది. నేను రాసిచ్చేశాను. 'ఈమె నా సంరక్షణలో ఉంది, ఈమె చర్యలకు నేను బాధ్యురాలిని' అని ఆయన చెప్పినట్టే రాసి సంతకం పెట్టాను. చెల్లి పక్కనే కూర్చుని నా కలం కదలడం చూస్తూనే ఉంది. బయటికొచ్చాక ఏం రాశావని అడిగింది. మామూలు కాగితమే అన్నాను. ఆమె నన్ను నమ్మలేదు. నా సంచిలోంచి నకలు లాక్కుని అక్కడే, వర్క్‌షాపు గేటు ముందు, షిఫ్టు వదిలిన జనం మధ్య నిలబడి చదివింది. మడిచి తిరిగిచ్చింది. తర్వాత రెండు రోజులు నా ముఖం వైపు చూడలేదు. మా ఇంట్లో మాట్లాడకపోవడమంటే అదే. చూడకపోతే ఇక ఏం చెప్పాలన్నా దారి లేదు.

వీసా ఫారం నింపించడానికి దేవేంద్ర నగర్‌లో ఒక ఏజెంటు దగ్గరకు వెళ్లాం. బట్టల దుకాణం పైన గది, గోడ నిండా మంచుకొండల ఫొటోలు. అతను ఫారం చూసి గొంతు తగ్గించాడు, చెల్లికి వినబడుతుందన్నట్టు.

"మేడమ్, నా మాట వినండి. చెవుడు సంగతి రాయొద్దు. చెస్ ఆటగత్తె అని రాద్దాం, చాలు. వికలాంగులంటే వాళ్లు వెనకాడతారు. అక్కడే ఉండిపోయి ఆ దేశం మీద పడతారని భయం."

"ఇది బధిరుల పోటీయే. ఆ సంగతి రాయకుండా ఎలా?"

"ఆప్‌కీ మర్జీ" అని భుజాలెగరేశాడు. మీ ఇష్టం అని.

మూడు చోట్ల రాయించాను. అందుబాటు సమాచారం దగ్గర దరఖాస్తుదారు సొంత ఫోన్ నంబరు తప్పనిసరి. ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు పోనివ్వలేదు. నా నంబరు వెయ్యమంటే, ఒక నంబరు ఒక మనిషికేనని, నేను దరఖాస్తుదారును కానని అతను ఒప్పుకోలేదు. చెల్లి దగ్గర సెల్లు ఉంది, మెసేజీల కోసం. ఆ నంబరే వేశాడు. పక్కన 'మెసేజీలకు మాత్రమే, దరఖాస్తుదారు బధిరురాలు' అని నేను దగ్గరుండి టైపు చేయించాను.

వేలిముద్రలకు ముంబై వెళ్లాలి. రాయ్‌పూర్‌లో ఆ కేంద్రం లేదు. రైల్లో వెళ్లాం. కేంద్రం గుమ్మంలో గార్డు నన్ను ఆపేశాడు. దరఖాస్తుదారు తప్ప ఎవరూ లోపలికి పోకూడదు. నా చెల్లికి వినబడదు, పిలిస్తే తెలియదు అని చెప్పాను. సూపర్‌వైజరును పిలిచాడు. ఆమె వచ్చి, లోపల టోకెన్ నంబరు తెర మీద కనిపిస్తుంది, మీరేం కంగారుపడకండి అంది. చెల్లి నన్ను వెనక్కి తోసి తనే లోపలికి పోయింది.

నేను బయట ఫుట్‌పాత్ మీద మూడు గంటలు నిలబడ్డాను. తెర పాడైందట. టోకెన్లు నోటితో పిలుస్తున్నారట. రెండుసార్లు ఆమె నంబరు పిలిచి, రాలేదని వరస చివరికి నెట్టేశారట. మూడోసారికి ఆమె లేచి తిన్నగా కౌంటరు దగ్గరకు పోయి, టోకెన్ కాగితాన్ని అద్దానికి అదిమిపెట్టి, వెనక ఎవరు అరిచినా కదలకుండా నిలబడిందట. అరుపులు వినబడవు కదా. తర్వాత కాగితం మీద రాసి అడిగారు, రాసి చెప్పింది. అయిదు నిమిషాల్లో పని అయిపోయింది. ఇదంతా బయటికొచ్చి చేతులు తిప్పుతూ చెబుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఆమె ముఖంలో గెలిచిన సంతోషం. నాకు మాత్రం లోపలికి పోయి ఆ తెర బద్దలుకొట్టాలనిపించింది. అప్పటికే పాడైందిగా, కొట్టి ఏం లాభం.

వారం తర్వాత మొదటి ఫోన్ వచ్చింది. చెల్లి స్టోర్‌లో ఉంది. జేబులో సెల్లు వణికింది. ఢిల్లీ నంబరు. కాల్ కట్ చేసి, 'నాకు వినబడదు, దయచేసి మెసేజ్ పంపండి' అని ఇంగ్లీషులో పంపింది. ఆఫీసు ఫోన్లకు మెసేజీలు చేరవు. మర్నాడు రెండోసారి. పరుగున స్టోర్ ఇన్‌చార్జి దగ్గరకు పోయి ఆయన చేతిలో పెట్టింది. ఆయన హిందీలో, "ఆమె నా దగ్గర పనిచేస్తుంది, నాతో చెప్పండి" అన్నాడట. అటువైపు ఫోన్ పెట్టేశారట. ఆ మధ్యాహ్నమే మూడోసారి మోగింది. ఆయన ఎత్తేలోపే ఆగిపోయింది.

మర్నాడు నేను సెలవు పెట్టాను. చెల్లి ఒక పూట సెలవు తీసుకుంది. సెల్లును భోజనాల బల్ల మధ్యలో పెట్టి ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పదకొండింటికి మోగింది. నేను ఎత్తాను.

మనదేశపు గొంతే. ఎవరో కుర్రవాడిలా ఉన్నాడు. మంచి ఇంగ్లీషు, మంచి మర్యాద. దరఖాస్తుదారుతో మాట్లాడాలన్నాడు.

"నేను ఆమె అక్కను. ఆమె నా పక్కనే ఉంది. ఆమెకు వినబడదు. మీరు అడగండి, నేను సైగలతో ఆమెకు చెప్పి, ఆమె జవాబు మీకు చెబుతాను" అన్నాను.

"క్షమించాలి మేడమ్. మూడో మనిషితో మాట్లాడకూడదు. దరఖాస్తుదారుతోనే మాట్లాడాలి."

"అయితే ప్రశ్నలు మెయిల్లో పంపండి. పది నిమిషాల్లో ఆమే జవాబు రాస్తుంది."

"అలాంటి పద్ధతి లేదు మేడమ్."

"ఢిల్లీ రమ్మనండి. ఈరోజే బయలుదేరుతుంది. కాగితం మీద రాసి అడగొచ్చు."

"మీకు కేటాయించింది టెలిఫోన్ ఇంటర్వ్యూ మేడమ్."

"వినబడని మనిషికి టెలిఫోన్ ఇంటర్వ్యూ ఎవరు కేటాయించారు? ఆమె దరఖాస్తు మీ ముందుందా? చదివారా?"

"దరఖాస్తులోని విషయాలు మీతో చర్చించలేను. మీరు దరఖాస్తుదారు కాదు."

అమ్మకు ఇంగ్లీషు రాదు గాని నా ముఖం చదవడం వచ్చు. బియ్యం వదిలేసి నా మోచెయ్యి పట్టుకుని లాగింది.

"నువ్వే ఆ పిల్లనని సెప్పీవే! గొంతు సూసీవోడెవుడు? ఆడికేటి తెలుస్తాదీ?"

అక్కనని ముందే చెప్పకపోయుంటే నేను ఆ పని చేసేదాన్నే. ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఎదుటివాడు అబద్ధం తప్ప మరే దారీ మిగల్చనప్పుడు ఆ పాపం ఎవరిది?

ఫోన్లో అతను అన్నాడు: "మేడమ్, దయచేసి ఫోన్ ఆమెకు ఇవ్వండి. ఆమె మాట్లాడకపోతే మాట్లాడలేదని రాసుకుంటాను. నేను చేయగలిగింది అంతే."

చెల్లి అమ్మ పెదవులు చదివేసింది. నా వైపు చూసి ఏమంటున్నాడని చేత్తో అడిగింది. నువ్వు మాట్లాడకపోతే మాట్లాడలేదని రాస్తాడట, అన్నాను చేతులతో. చెల్లి చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు. నా వేళ్లు విప్పి తీసుకుంది. లేచి నిలబడి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక సెల్లును నోటి ముందు అద్దంలా పట్టుకుంది. మాట్లాడింది.

తన పేరు చెప్పింది. తర్వాత 'చెస్' అంది. తర్వాత ఇంగ్లీషులో 'నేను వస్తాను, ఆడతాను, తిరిగి వస్తాను' అంది. అది ఆమె గొంతు, ఎత్తు పల్లాలు తెలియని గొంతు. ఒక మాట అరుపులా, ఒక మాట మూలుగులా వచ్చింది. పక్కింటామె ఏమయిందోనని కిటికీలోకి తొంగిచూసింది. ఇరవై ఏళ్లుగా బయటివాడెవడికీ వినిపించని గొంతును మా చెల్లి ఆ ముక్కూ మొహం తెలియని మనిషికి వినిపించింది. మెడ నరాలు ఉబ్బాయి. చెప్పడం అయ్యాక సెల్లు నా చేతిలో పెట్టి, కూర్చుని, నా ముఖం వైపు చూస్తూ ఉండిపోయింది.

నేను చెవికి పెట్టుకున్నాను.

"మేడమ్? మేడమ్? అక్కడేదో శబ్దం వస్తోంది. లైను బాగోలేదు."

"అది శబ్దం కాదు. మీ దరఖాస్తుదారు. ఆమెతోనే మాట్లాడాలన్నారుగా. మాట్లాడింది."

"మీ సమయం వెచ్చించినందుకు ధన్యవాదాలు" అని పెట్టేశాడు.

చెల్లి అడిగింది, ఏమన్నాడని. అర్థమైందన్నాడు, అని చెప్పాను. ఆరోజు ఆమెతో నేనాడిన రెండో అబద్ధం అది. మొదటిది, నేను ఏడవడం లేదన్నది.

తొమ్మిదో రోజున పాస్‌పోర్టు వెనక్కి వచ్చింది. లోపల అచ్చు కాగితం, దాని మీద గళ్లు. ఒక గడిలో టిక్కు. ప్రయాణ ఉద్దేశం నమ్మదగినట్టు నిరూపించలేదు. దాని కింద ఒక వాక్యం టైపు చేసి ఉంది: దరఖాస్తుదారు టెలిఫోన్ ఇంటర్వ్యూలో సంతృప్తికరమైన జవాబులు ఇవ్వలేదు.

అమ్మ నడవాలో కూలబడి, "ఆళ్ల కాలు సెయ్యి పడిపోనూ" అని మొదలుపెట్టింది. మామూలుగా అయితే నేను వారించేదాన్ని. ఆరోజు కూర్చుని శ్రద్ధగా విన్నాను.

వెంటనే నేను ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. రాయబార కార్యాలయానికి, మన విదేశాంగ శాఖకు, వికలాంగుల కమిషనుకు. ఒక్కొక్కటి నాలుగేసి పేజీలు. ఆఫీసులో కూర్చుని రాశాను, బస్సులో రాశాను. చెల్లి వాటిని చదివింది. మూడోది చదువుతూ మధ్యలో ఆపి, కాగితాలు బల్ల మీద పెట్టి, వేలితో ఒక్కొక్క చోట కొట్టి చూపింది. 'మా చెల్లి నిస్సహాయురాలు.' 'నోరులేని ఆడపిల్ల.' 'దయతో పరిశీలించండి.'

"ఎవరు నిస్సహాయురాలు?" అంది చేతులతో.

"అలా రాస్తేనే పని అవుతుందే. వాళ్లకి జాలి కలగాలి కదా."

"ఆఫీసులో గుమాస్తాకీ ఇలాగే రాసిచ్చావు. అతను నన్ను అడగలేదు. నువ్వూ నన్ను అడగలేదు. ఫోన్లో వాడు తప్పు చేశాడు, నిజమే. కాని వాడొక్కడే నాతో మాట్లాడాలన్నాడు."

చెంపదెబ్బ తిన్నట్టయింది. వాడితో నన్ను పోల్చడం అన్యాయమని ఇప్పటికీ అంటాను. వాడు వినని మనిషి, నేను ఆమె కోసం రాత్రీ పగలూ తిరిగిన దాన్ని. ఆ మాట అన్నాను కూడా. ఆమె విని, అంటే చూసి, తల ఊపింది. ఊపి, నా కాగితాలన్నీ ఒక చోట చేర్చి నా ఒళ్లో పెట్టి, కంప్యూటరు తన వైపు తిప్పుకుంది.

ఆమె రాసింది పది లైన్లు. వ్యాకరణం అక్కడక్కడా తడబడింది. దిద్దబోతే నా చెయ్యి తోసేసింది. నాకు గుర్తున్నంతవరకు దాని సారం ఇది: 'నాకు వినబడదు. మీకు ముందే చెప్పాను. మీరు నాకు ఫోన్ చేశారు. ఎందుకు? నేను చదవగలను. రాయగలను. మీ దేశానికి రమ్మన్నవాళ్లు కూడా బధిరులే. వాళ్లకూ ఇలాగే ఫోన్ చేస్తారా? నా జవాబులు బాగోలేదన్నారు. మీ ప్రశ్నలు ఏమిటో నాకు ఇంతవరకు తెలియదు. పంపండి.'

అది రాయబార కార్యాలయానికి పంపింది. నకలు పోటీ నడిపేవాళ్లకు పంపింది. నా బుర్రకు తట్టని సంగతి అదే. నిర్వాహకుల్లో పెద్దావిడ ఒకామె, ఆమెకూ వినబడదు, గంటలో జవాబిచ్చింది. ఆ పది లైన్లూ పట్టుకుని తమ ప్రభుత్వ కార్యాలయానికి స్వయంగా వెళతానని రాసింది. వెళ్లింది కూడా. నా నాలుగు పేజీల ఉత్తరాలకు రెండు చోట్ల నుంచి అందినట్టు రసీదులు వచ్చాయి. మూడో చోటు నుంచి ఏమీ రాలేదు.

జట్టు బయలుదేరడానికి ఆరు రోజులుండగా రాయబార కార్యాలయం నుంచి మెయిల్ వచ్చింది. 'అదనపు సమాచారం దృష్ట్యా' పునఃపరిశీలిస్తాం, పాస్‌పోర్టు పంపండి అని. ఏ అదనపు సమాచారం? ఆమె చెవిటిదన్నదా? అది మొదటి పేజీలోనే ఉంది. పొరపాటు జరిగిందన్న ఒక్క ముక్క లేదు. క్షమించండి అన్న మాట ఫోన్లో ఆ మనిషి ఎంత సులువుగా అన్నాడో, కాగితం మీద ఆ కార్యాలయానికి అంత కష్టమైంది.

పాస్‌పోర్టు పంపాం. రోజులు గడిచాయి. జట్టు ఢిల్లీ నుంచి విమానం ఎక్కింది. మేనేజరు మెసేజ్ పెట్టింది, వీసా వస్తే ఒక్కదానివే రా, టికెట్ తేదీ మార్పిస్తాను, ఇక్కడ విమానాశ్రయంలో ఎదురొస్తాం అని. చెల్లి పెట్టె సర్దుకుని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. మా ఇంటి గేటు వైపు చూస్తూ కూర్చుంది. కొరియర్ మనిషి వచ్చి పిలిస్తే వినబడదు కాబట్టి చూపు తిప్పలేదు. అన్నం పళ్లెం కూడా అక్కడికే తెప్పించుకుంది.

అతను రాలేదు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి కంప్యూటరులో చూస్తే, పొట్లం ఉదయమే రాయ్‌పూర్ చేరింది. 'ఫోన్ చేశాం, గ్రహీత స్పందించలేదు, తిరిగి డిపోకు' అని ఉంది.

ఫోన్ చేశారట! కాలనీ గేటుకు వంద గజాల్లో వరండాలో కూర్చున్న మనిషికి! చెల్లి సెల్లు చూసుకుంది. అవును, తెలియని నంబరు. రెండుసార్లు వణికింది. కుర్చీ పక్కన నేల మీద పెట్టుకుంది, కళ్లు ఇంటి గేటు మీదున్నాయి, గమనించలేదు. కాలనీ గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసి, ఎత్తలేదని అతను వెళ్లిపోయాడు.

డిపోకు ఆటోలో పరిగెత్తాం. మూసేశారు. మర్నాడు పొద్దున తాళం తీసేసరికి మేం మెట్ల మీదున్నాం. కౌంటరులో మనిషి పొట్లం తీసి నా వైపు చాచాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "ఆమెది. ఆమెకివ్వండి" అన్నాను. "సంతకం మీరు పెడతారా?" అన్నాడు. "ఆమె పెడుతుంది" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాననుకుంటాను, లోపలివాళ్లు తలెత్తి చూశారు.

వీసా ఉంది. ఆమె ఫొటో, ఆమె పేరు, రంగుల కాగితం. ఆ మధ్యాహ్నమే రాయ్‌పూర్ నుంచి ఢిల్లీకి, అక్కడి నుంచి ఆ దేశానికి ఒక్కర్తే బయలుదేరింది. విమానాశ్రయం గుమ్మం దగ్గర అమ్మ ఏడుస్తుంటే చెల్లి నవ్వుతూ, ఊరికే పెదవులు కదపకు, నాకు అర్థం కావట్లేదు, అంది. మెడలో అట్టముక్క ఒకటి వేలాడదీసుకుంది. దాని మీద హిందీలో, ఇంగ్లీషులో తనే పెద్ద అక్షరాలతో రాసుకుంది: 'నాకు వినబడదు. రాసి చూపండి.' గార్డియన్ పేరు అందులో లేదు.

ఆమె చేరేసరికి పోటీలో రెండు ఆటలు అయిపోయాయి. మిగిలిన ఏడూ ఆడింది. మూడు గెలిచింది, రెండు సమం చేసింది, రెండు ఓడింది. అక్కడి నుంచి రోజూ వీడియో కాల్ చేసేది. తెర మీద ఆమె వెనక పెద్ద హాలు, దాని నిండా చేతులతో మాట్లాడుకునే మనుషులు. అన్ని దేశాల చేతులు. ఒక ముసలాయన తనకు వాళ్ల సైగల్లో బూతులు నేర్పుతున్నాడని చెప్పి పడిపడి నవ్వింది. నా చెల్లి అంత వేగంగా, అంతసేపు మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. మాతో మాట్లాడేటప్పుడు మా కోసం చేతులు నెమ్మదిగా తిప్పేదన్నమాట.

తిరిగొచ్చాక ఫలితాల కాగితం చూపించింది. నలభై మందికి పైగా ఉన్న పట్టికలో మధ్యలో ఎక్కడో ఆమె పేరు. పేరు పక్కన మొదటి రెండు గళ్లలో సున్నాలు. వాటి పక్కన చిన్న గుర్తు, అడుగున దాని అర్థం: గైర్హాజరు.

గైర్హాజరట! ఆ రెండు రోజులూ ఆమె ఎక్కడుందో నాకు తెలుసు. నేను పోటీవాళ్లకు రాశాను, ఆ సున్నాలు తీసేయండి, ఆలస్యం ఆమెది కాదు అని. ఈసారి చెల్లిని అడిగే రాశాను. నీ ఇష్టం, వాళ్లు తీయరు, అంది. ఆ పెద్దావిడే జవాబిచ్చింది. చాలా బాధగా ఉందని, కాని బల్ల ముందు మనిషి లేకపోతే కారణం ఏదైనా సున్నాయే వేయాలని, అది ఆట నియమమని. ఆమె మీద నాకు కోపం లేదు. చదరంగం నియమాలు ఆడేవాళ్లందరికీ ముందే తెలుసు, అందరికీ ఒకటే.

చెల్లి ఆ తర్వాత ఇంకో రెండు దేశాలు వెళ్లొచ్చింది. ఫారాలు తనే నింపుకుంటుంది. వర్క్‌షాపులో గార్డియన్ కాగితం మళ్లీ అడిగితే, అలా అడగాలని ఏ నియమంలో ఉందో రాసిమ్మని ఆ గుమాస్తా ముందే కాగితం, కలం పెట్టిందట. అతను రాయలేదు. కాగితం కదిలింది. ఆ దేశం సంగతి ఇప్పుడు ఆమెకు తలుచుకుని నవ్వుకునే కథ. బధిరుల మధ్య చెబితే అందరూ పగలబడి నవ్వుతారట. ఫోన్ మోగే దగ్గర ఇంకా ఎక్కువ నవ్వుతారట.

నాకు మాత్రం నవ్వు రాదు. మా ఇంట్లో బల్ల ముందు నిలబడి, మెడ నరాలు ఉబ్బేలా తన పేరు తను చెప్పుకున్న మనిషి గురించి 'సంతృప్తికరమైన జవాబులు ఇవ్వలేదు' అని రాసినవాడు ఎవడో నాకు తెలియదు. వాడు మర్యాదస్తుడు. బహుశా మంచివాడే అయ్యుంటాడు. వాడి మీద నాకు కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా నాకు లేదు.